మారతహళ్లిలో జర్మన్ క్లాసు, ఫోన్‌లో ఏఐ టీచరు: ఒక నర్సు రివ్యూ

జర్మనీ వెళ్లాలనుకుంటున్న మా వార్డు అమ్మాయిలు నన్ను తరచూ ఒకటే అడుగుతున్నారు. "అక్కా, ఏఐతో జర్మన్ మాట్లాడే ప్యాకేజీ తీసుకోవచ్చా, డబ్బులు దండగా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఇక్కడ వివరంగా రాస్తే అందరికీ పనికొస్తుంది. తీసుకోవచ్చు. నా నోరు తెరిపించింది అదే. కానీ దాన్ని చూపించి మనుషులతో మాట్లాడే క్లాసు తగ్గించేస్తే మాత్రం ఒప్పుకోకండి. మా దగ్గర సరిగ్గా అదే జరిగింది, ఆ సంగతి తర్వాత చెప్తాను.

నాది మదనపల్లె. బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. మారతహళ్లి బ్రిడ్జికి కొంచెం లోపల, కింద మొబైల్ షాపు, పైన రెండో అంతస్తులో ఉండే ఒక జర్మన్ ఇన్‌స్టిట్యూట్‌లో బీ1 అయ్యి ఇప్పుడు బీ2 చదువుతున్నాను (భాష నేర్చుకోవడంలో ఏ1, ఏ2, బీ1, బీ2 అని వరసగా మెట్లు). వారంలో మూడు సాయంత్రాలు క్లాసు, శనివారం పొద్దున జంటగా మాట్లాడే ప్రాక్టీసు, వాటితోపాటు ఫోన్‌లో ఏఐ స్పీకింగ్ యాప్. ఇన్‌స్టిట్యూట్ పేరు గానీ యాప్ పేరు గానీ రాయడం లేదు. ఇలాంటి ప్యాకేజీలు ఇప్పుడు చాలాచోట్ల అమ్ముతున్నారు, ఎక్కడ చేరేవాళ్లకైనా ఉపయోగపడాలని నా ఉద్దేశం.

జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి అడుగుతారు. గోథె ఇన్‌స్టిట్యూట్ పెట్టే జర్మన్ పరీక్షలో బీ2కి చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు మాడ్యూళ్లు. ఒక్కోదానికి 100 మార్కులు, 60 వస్తే పాస్. విడివిడిగా కూడా రాసుకోవచ్చు. చదవడం, రాయడం కష్టపడితే వచ్చేస్తాయి. మాకందరికీ చలిజ్వరం తెప్పించేది మాట్లాడడమే. మా బ్యాచ్‌లో తెలుగువాళ్లం, మలయాళీలు, ఇద్దరు తమిళ అబ్బాయిలు, హాసన్ నుంచి వచ్చిన ఒక కన్నడమ్మాయి. సగం మంది ఊళ్లలో తెలుగు మీడియమో మలయాళం మీడియమో చదివి, నర్సింగ్ కాలేజీలో ఇంగ్లిష్‌కే అవస్థపడి వచ్చినవాళ్లం. మళ్లీ పాతికేళ్లు దాటాక, డ్యూటీ దిగి, అలసిన మొహంతో పది మంది ముందు నిలబడి చిన్నపిల్లలా తప్పుతప్పుగా మాట్లాడాలంటే ఎంత నామోషీగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

మా మేడమ్‌ది కోలారు, తెలుగు చక్కగా మాట్లాడుతుంది. చేరిన కొత్తలో మాకొక ఫారం ఇచ్చింది. అందులో 33 వాక్యాలు. ప్రిపేర్ కాకుండా మాట్లాడమంటే కంగారు పడతాను, టీచర్ చెప్పే ప్రతి మాటా అర్థం కాకపోతే భయమేస్తుంది, మిగతా స్టూడెంట్లు నన్ను చూసి నవ్వుతారేమో అనిపిస్తుంది, ఇలా ఉంటాయి. ఒక్కోదానికి పూర్తిగా ఒప్పుకుంటాను దగ్గర్నుంచి అస్సలు ఒప్పుకోను దాకా ఐదు గళ్లు. ఎలైన్ హార్విట్జ్ అనే ఆవిడ ఇంకో ఇద్దరితో కలిసి 1986లో తయారుచేసిందట. విదేశీ భాష క్లాసులో వచ్చే భయం మామూలు పిరికితనం లాంటిది కాదని, దానికి సొంత లక్షణాలు ఉన్నాయని వాళ్లు చెప్పారు. ఎదుటివాళ్లతో మాట్లాడాలంటే జంకు, పరీక్ష భయం, నలుగురూ ఏమనుకుంటారో అన్న బెదురు అందులో కలిసి ఉంటాయట. ఆ ఫారం నింపుతున్నప్పుడు నాకు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను. ఇదేదో నా ఒక్కదాని బలహీనత అనుకున్నాను. నాకు తెలియని దేశంలో, నేను పుట్టకముందే, ఎవరో ఇదంతా అచ్చువేసి పెట్టారు.

యాప్ గెలిచేది సరిగ్గా ఇక్కడే. అది నవ్వదు. మా పీజీలో గదికి ముగ్గురం, గట్టిగా చదివితే నైట్ డ్యూటీ చేసొచ్చినవాళ్లకి నిద్రాభంగం. అందుకని డాబా మీదకి వెళ్లి, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మాట్లాడేదాన్ని. "ఫ్ర్యూష్ట్యుక్" అనే ఒక్క మాట నాకు ఎంతకీ పలికేది కాదు. పొద్దున టిఫిన్ అన్నమాట, వార్డులో రోజూ కావలసిందే. మేడమ్ దగ్గర రెండుసార్లు తప్పితే మూడోసారి నాకే మొహమాటమేస్తుంది, వెనక పది మంది ఎదురుచూస్తుంటారు. యాప్‌కి ఆ తొందర లేదు. పెదాలు గుండ్రంగా పెట్టి "ఈ" అనమంటుంది, మళ్లీ వింటుంది, ఏ అచ్చు దగ్గర జారిందో చూపిస్తుంది, ఇంకోసారి అనమంటుంది. విసుక్కోదు. నోరు నొప్పి పుట్టేదాకా అన్నాను, పలికింది. మా బ్యాచ్‌లో నెల్లూరమ్మాయి ఒకర్తి ఉంది. మొదటి నెల క్లాసులో తన గొంతే వినపడలేదు. యాప్ మొదలుపెట్టాక ఒకరోజు తనంతట తానే చెయ్యెత్తి జవాబు చెప్పింది. "ఇంట్లో దీనితో వంద తప్పులు చేసేసొచ్చానక్కా, ఇంక ఇక్కడేం భయం" అంది. ఆ మాటకే నేను ఈ యాప్‌కి సగం మార్కులు వేసేస్తాను.

నర్సుల కోసం పెట్టిన రోల్‌ప్లేలు కూడా బాగున్నాయి. ఫ్రావ్ ష్నైడర్ అని ఒక ముసలావిడ ఉంటుంది, తుంటి ఆపరేషన్ అయిన పేషంట్. ఆవిడని లేపాలి, నొప్పి ఎక్కడో అడగాలి, బాత్రూమ్‌కి తీసుకెళ్తున్నట్టు చెప్పాలి. స్పీడు తగ్గించుకోవచ్చు, అర్థం కాకపోతే మళ్లీ చెప్పించుకోవచ్చు. అర్ధరాత్రి డ్యూటీ దిగాక కూడా ఆవిడ సిద్ధంగా ఉంటుంది. నిజం పేషంట్ దగ్గర భాష రాక తడబడితే ఆ పేషంట్‌కి కష్టం. ఇక్కడ ఎవరికీ కష్టం లేకుండా తడబడొచ్చు.

తెలుగు వివరణలు మాత్రం పేలవంగా ఉన్నాయి. "వైల్", అంటే "ఎందుకంటే", అని వాక్యం కలిపితే క్రియ చివరికి వెళ్లిపోతుంది, దాన్ని యాప్ "జర్మన్‌లో ఒక విచిత్రమైన నియమం" అని మొదలుపెట్టి పేజీడు చెప్పింది. ఇంగ్లిష్‌వాళ్లకి విచిత్రం కావచ్చు, మనకేం విచిత్రం? మనం పుట్టినప్పటినుంచీ క్రియ చివరే పెడుతున్నాం. క్లాసులో మేడమ్ "మీరు ఇంట్లో మాట్లాడినట్టే పెట్టండి, సరిపోతుంది" అని ఒక్క ముక్క అనగానే తెలుగువాళ్లం, మలయాళీలం అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మా భాష మాకు అడ్డు అనే ఇన్నాళ్లూ విన్నాం. సాయం చేస్తుందని ఒకరు చెప్పడం అదే మొదలు. ఎదురుగా కూర్చున్నది ఎవరో, ఏ ఊరినుంచి వచ్చారో తెలిసిన మనిషి చెప్పగలిగే మాట అది.

ఇక పొగడ్తల సంగతి. దీని మీద నాకు కొంచెం కోపమే ఉంది. ఏం చెప్పినా "జేర్ గూట్", చాలా బాగుంది అంటుంది. మొదట్లో ఆ మాట తీయగా ఉంటుంది, అవసరం కూడా. రానురాను నాకు అనుమానం వచ్చి, ఒకరోజు కావాలనే పరీక్ష పెట్టాను. షిఫ్ట్ మారేటప్పుడు పేషంట్ వివరాలు అప్పజెప్పే రోల్‌ప్లే ఒకటుంది, "యూబర్‌గాబె" అంటారు. స్క్రీన్ మీద కార్డులో బీపీ 145 మీద 90 అని ఉంది. జర్మన్‌లో ఒకట్ల స్థానం ముందు, పదుల స్థానం తర్వాత పలుకుతారు. 45ని ఐదూ నలభై అన్నట్టు చెప్తారు. అందరూ తారుమారు చేసే చోటు ఇదే. నేను "హుండర్ట్ ఫియర్ ఉంట్ ఫ్యున్ఫ్‌ట్సిష్" అన్నాను, అంటే 154. కార్డు దానిదే, అంకె దాని కళ్లముందే ఉంది. అయినా "జేర్ గూట్, ఇప్పుడు మందుల గురించి చెప్పండి" అని ముందుకెళ్లిపోయింది. నా ఉచ్చారణ మెచ్చుకుంది కూడా.

అదే తారుమారు కొన్నాళ్లకి క్లాసులో ఒక మలయాళీ అన్న నోట నిజంగానే వచ్చింది. మేడమ్ వెంటనే ఆపేసింది. "ఇప్పుడు నైట్ సిస్టర్ ఈ అంకె రాసుకుంది. పొద్దున డాక్టర్ ఏమనుకుంటాడు?" అని అడిగింది. గది అంతా గప్‌చుప్. ఆ అన్న మొహం ఎర్రబడింది. కానీ ఆరోజు నుంచి మా బ్యాచ్‌లో ఎవరూ అంకె చెప్పి వదిలెయ్యరు, పార్ట్‌నర్ తిరిగి చెప్పి సరిచూసుకున్నాకే ముందుకు పోతారు. వార్డులో ఫోన్ ఆర్డర్ తీసుకున్నప్పుడు రాసుకుని, చదివి వినిపించి, సరే అనిపించుకుంటాం కదా, అదే పద్ధతి. ఆ ఎర్రబడ్డ మొహం వెనక ఉన్న చిన్న బాధ మాకు పనికొచ్చిన బాధ. నొప్పి తెలియకుండా చెయ్యడం మంచిదే, నేను సర్జికల్ వార్డు మనిషిని, ఆ విలువ నాకు తెలుసు. కానీ నొప్పి ఏదో ఒకటి చెప్తున్నప్పుడు దాన్ని పూర్తిగా మూసేస్తే ప్రమాదం.

యాప్ సెట్టింగుల్లో తప్పులు గట్టిగా దిద్దే మోడ్ ఒకటి దాగి ఉంది. అది ఆన్ చేసి, "అంకె తప్పితే ఆపి మళ్లీ అడుగు" అని సంభాషణ మొదట్లోనే చెప్పాను. చాలావరకు ఆపుతోంది. సంభాషణ పొడుగైతే మళ్లీ మర్చిపోయి పొగడడం మొదలెడుతుంది.

శనివారం జంటల క్లాసు గురించి చెప్పకుండా ఈ రివ్యూ పూర్తికాదు. బీ1 మాట్లాడే పరీక్షలో మొదటి భాగం ఇద్దరూ కలిసి ఏదో ఒకటి ప్లాన్ చెయ్యడం. మాకొకసారి, ఆసుపత్రిలో ఉన్న ఫ్రెండ్‌ని చూడ్డానికి వెళ్లాలి, ఎప్పుడు వెళ్దాం, ఏం తీసుకెళ్దాం అని వచ్చింది. నా పార్ట్‌నర్ నెల్లూరమ్మాయి. పూలు, పళ్లు అంటుందనుకున్నాను. పులిహోర తీసుకెళ్దాం అంది. మేడమ్ అదేమిటో జర్మన్‌లో చెప్పమంది. పసుపు అన్నం, పుల్లగా ఉంటుంది, వేరుశనగలు ఉంటాయి అని చేతులు తిప్పుతూ చెప్తోంది. నేను, కుదరదు, పేషంట్‌కి నిన్ననే పొట్ట ఆపరేషన్ అయింది, నీళ్లు కూడా చెంచాతో పట్టాలి అన్నాను. ఆపరేషన్ అయినట్టు కార్డులో ఎక్కడుంది అని తను. నేను సర్జికల్ నర్సుని, నాకు కనపడే ఫ్రెండ్స్ అందరికీ ఆపరేషనే అవుతుంది అని నేను. క్లాసంతా పడీపడీ నవ్వింది. హాసన్ అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది. కాసేపయ్యాక తట్టింది, నేను అప్పటిదాకా ఏ వాక్యమూ మనసులో తెలుగులో కూర్చుకోలేదని, జర్మన్‌లోనే పోట్లాడుతున్నానని. ఏ నవ్వుకి భయపడి డాబా మీద దాక్కున్నామో, ఆ నవ్వే మమ్మల్ని మాట్లాడించింది.

దీనికీ పరిశోధన ఉందని మేడమ్ చెప్పింది. జాన్-మార్క్ డెవేల్, పీటర్ మెకింటైర్ అనే ఇద్దరు 2014లో, వేర్వేరు దేశాల్లోని 1,746 మంది భాషా విద్యార్థుల సర్వే ఆధారంగా రాశారు. భయం, ఆనందం ఒకే త్రాసులో రెండు పళ్లేలు కావని, ఒకటి తగ్గినంతమాత్రాన రెండోది పెరగదని, రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఉండొచ్చని. నా అనుభవం అచ్చం ఇదే. యాప్ నా భయం తగ్గించింది. భయం తగ్గాక మిగిలింది ఖాళీ ప్రశాంతత. దాని ముందు కూర్చుంటే టెన్షన్ లేదు, సంతోషమూ లేదు. ఫ్రావ్ ష్నైడర్ నా మాటకి ఎప్పుడూ నిజంగా ఆశ్చర్యపోదు, మధ్యలో అడ్డు రాదు, పట్టుదలకి పోదు. బీ2 పరీక్షలో సుమారు నాలుగు నిమిషాలు ఒక విషయం మీద మాట్లాడాక, పార్ట్‌నర్‌తో వాదన ఉంటుంది. ఎదుటివాళ్లు మన మాట మధ్యలోనే అందుకుంటారు. ఆ ఒడుపు, నేను ఆపేదాకా ఓపిగ్గా వినే యంత్రం దగ్గర రాదు.

కెమెరా విషయం వేరేగా చెప్పాలి, ఎందుకంటే చేరేటప్పుడు దీన్ని గొప్ప ఫీచర్‌గా చూపిస్తారు. మాట్లాడుతున్నంతసేపూ యాప్ మన ఫోన్ ముందు కెమెరాతో ముఖం చూసి, పైన మన మూడ్ చూపించే ఒక బొమ్మ మార్చుతూ ఉంటుంది. ఒకరోజు నైట్ డ్యూటీ దిగి తెరిస్తే, "మీరు ఆందోళనగా ఉన్నారు, సులువైన పాఠం ఇవ్వనా?" అంది. నాకు ఆందోళనేమీ లేదు, నిద్ర లేదు. పైగా కష్టమైన పాఠం చెయ్యాలనే కూర్చున్నాను. మా వృత్తిలో మొదట నేర్పే విషయాల్లో ఇదొకటి. స్పృహలో ఉండి మాట్లాడగలిగే పేషంట్‌కి నొప్పి ఎంతో ముఖం చూసి రాయకూడదు, సున్నా నుంచి పది వరకు ఎంత అని అడిగి, వాళ్లు చెప్పిందే రాయాలి. నవ్వుతూ ఎనిమిది అన్న తాతని చూశాను, ఏడుస్తూ రెండు అన్న పిల్లనీ చూశాను. లీసా ఫెల్డ్‌మన్ బారెట్ అనే సైకాలజిస్టు బృందం 2019లో అప్పటిదాకా వచ్చిన ఎన్నో అధ్యయనాలు తిరగేసి, ముఖ కవళికల్ని బట్టి లోపలి భావాన్ని నమ్మకంగా చెప్పలేమనే తేల్చింది. మేం ఏ దేశం వెళ్లాలని ఈ భాష నేర్చుకుంటున్నామో, ఆ జర్మనీతో సహా యూరోపియన్ యూనియన్ మొత్తంలో, విద్యాసంస్థల్లో, పనిచోట్లలో మనుషుల భావాలు పసిగట్టే ఏఐ వాడకం నిషేధం. వైద్య, భద్రతా కారణాలకి మాత్రమే మినహాయింపు. 2025 ఫిబ్రవరి 2 నుంచి ఆ నిషేధం అమల్లో ఉంది. అక్కడ స్టూడెంట్ల మీద వాడకూడదన్న దాన్ని ఇక్కడ స్టూడెంట్లకి అదనపు సౌకర్యమని అమ్మడం నాకు అస్సలు నచ్చలేదు. కెమెరా అనుమతి తీసేశాను. యాప్ మామూలుగానే పనిచేస్తోంది.

ఇంకో సంగతి కొంచెం సున్నితం. నెల్లూరమ్మాయి రాత్రిళ్లు రోల్‌ప్లేలు మానేసి యాప్‌తో ఊరికే కబుర్లు చెప్పేది. అమ్మ గుర్తొస్తోందని, వినే మాడ్యూల్ పోతుందేమోనని. తన జర్మన్ దానివల్లే బాగా సాగింది, అందులో సందేహం లేదు. కానీ మెస్‌కి రావడం తగ్గించింది. అదే రోజుల్లో మేడమ్ మాకు చదవడానికి ఒక పాఠం ఇచ్చింది, జోసెఫ్ వైజెన్‌బామ్ గురించి. బెర్లిన్‌లో పుట్టి, 1936లో 13 ఏళ్ల వయసులో కుటుంబంతో అమెరికా వెళ్లిపోయిన యూదు కుర్రాడు. తర్వాత ఎలైజా అనే ప్రోగ్రామ్ రాసి 1966లో బయటపెట్టాడు, మనమన్న మాటనే ప్రశ్నగా తిప్పి అడిగే సాదాసీదా ప్రోగ్రామ్. అతను దాన్ని తయారుచేస్తుండగా చూసిన సొంత సెక్రటరీయే, దానితో నాలుగు మాటలు మాట్లాడాక, మీరు కాస్త బయటికి వెళ్తారా అని అతన్ని అడిగిందట. అది అతన్ని జీవితాంతం కలవరపెట్టింది. పాఠం అయ్యాక నెల్లూరమ్మాయి చాలాసేపు ఏమీ అనలేదు. ఆరోజు రాత్రి నేనే తలుపు తట్టి భోజనానికి పిలిచాను. "నాకేం కాలేదక్కా" అంటూనే వచ్చింది. పెరుగన్నం తింటూ గంటసేపు మాట్లాడింది, తెలుగులో. యాప్‌తో మాట్లాడకని నేను అనలేదు. ఇంటికి దూరంగా ఉన్న పిల్లకి రాత్రి పన్నెండింటికి పలికే గొంతు ఏదైనా తీసెయ్యమనే హక్కు నాకు లేదు. పక్క గదిలో మేమూ ఉన్నామని తెలిస్తే చాలు.

ఇప్పుడు మొదట్లో చెప్తానన్న సంగతి. మధ్యలో ఒక నెల ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు శనివారం క్లాసు తీసేశారు. "యాప్ ఉంది కదా, ఎంతసేపు కావాలంటే అంతసేపు మాట్లాడుకోండి" అన్నారు. ఫీజు మాత్రం తగ్గలేదు. మేమంతా సంతకాలు పెట్టి కాగితం ఇచ్చాం, మేడమ్ కూడా మా వైపే గట్టిగా నిలబడింది. ఇప్పుడు వారం విడిచి వారం పెడుతున్నారు. నాకది చాలదు, ఇంకా అడుగుతూనే ఉన్నాం.

యాప్‌కి విడిగా నెలకి 600 రూపాయలు పడుతోంది. నెలవారీగానే కట్టండి, ఏడాదికి కట్టకండి. ఏ1, ఏ2లో ఉన్నవాళ్లకి, గొంతు పెగలనివాళ్లకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. బీ2కి వచ్చాక మూడే. రోల్‌ప్లేలో మీ వార్డులోని నిజం పేషంట్ల పేర్లు, రిపోర్టులు పొరపాటున కూడా చెప్పకండి, కల్పించి చెప్పండి. రికార్డింగులు చెరిపే బటన్ అకౌంట్ పేజీలో అట్టడుగున ఉంటుంది, వారానికోసారి నొక్కండి. ఇన్‌స్టిట్యూట్‌లో చేరేముందు డెమో క్లాసుకి కూర్చుని, అక్కడ స్టూడెంట్లు ఒకరితో ఒకరు మాట్లాడుతున్నారా, తలో ఫోనూ చూసుకుంటున్నారా గమనించండి. జంటల ప్రాక్టీసు వారానికి ఎన్ని గంటలో అడిగి, ఆ మాట ఫీజు రసీదు మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.